ఒకే మైక్‌తో పాట, గిటార్, ఫ్లూట్, తబలా: ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ కదా. ఇంట్లో చిన్న గదిలో పాట రికార్డ్ చెయ్యాలి, మీరే అకౌస్టిక్ గిటార్ వాయిస్తూ పాడతారు, ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఫ్లూట్, తబలా కూడా రికార్డ్ చేస్తారు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఆల్రెడీ ఉంది, గోడలన్నీ ఖాళీ, పైన ఫ్యాన్, పక్కన కంప్యూటర్. షూర్ ఎస్‌ఎం7బి అనే డైనమిక్ మైక్, ఆడియో టెక్నికా ఏటీ2020, రోడ్ ఎన్‌టీ1 అనే రెండు కండెన్సర్ మైకులు, ఈ మూడింట్లో ఏది కొనాలి, కండెన్సర్ అయితే గదిలో శబ్దాలన్నీ లాగేస్తుందని అందరూ భయపెడుతున్నారు నిజమేనా అని. ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు గానీ అది మీకు పనికిరాదు, ఎందుకంటే మూడూ మంచి మైకులే, మూడింటితోనూ దరిద్రంగా రికార్డ్ చెయ్యొచ్చు. కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

చాలా ఏళ్లుగా గొంతులూ వాయిద్యాలూ రికార్డ్ చేస్తున్నాను, ఏ మైక్ పెట్టాలో ఆలోచించేటప్పుడు ఇప్పటికీ ముందు చూసేది అది ఏ వైపు చెవుడు అన్నదే. మైకులన్నీ ముందు నుంచి వచ్చే శబ్దం బాగానే వింటాయి, ఇవాళ తక్కువ ధర మైక్ కూడా ముందు వైపు బాగానే ఉంటుంది. తేడా అంతా పక్కల నుంచి, వెనక నుంచి వచ్చేదాన్ని ఎంత తగ్గిస్తుంది, తగ్గించాక మిగిలింది ఎలా వినిపిస్తుంది అన్నదాంట్లోనే ఉంటుంది. మీ ఫ్యాన్, మీ కంప్యూటర్, మీ ఖాళీ గోడలు, గిటార్ మైక్‌లోకి దూరే మీ గొంతు, ఇవన్నీ ఆ పక్కల నుంచి వచ్చేవే కదా.

ముందు ఆ కండెన్సర్ భయం సంగతి చూద్దాం. కండెన్సర్ గదిని లాగేస్తుంది, డైనమిక్ లాగదు అని అందరూ అనేమాట సగమే నిజం. ఒకే పికప్ ప్యాటర్న్ (ఏ వైపు శబ్దం ఎంత వింటుందన్న తీరు) ఉన్న డైనమిక్, కండెన్సర్ రెండూ పక్కపక్కన పెట్టి, నోటికి ఒకే దూరంలో ఉంచి, గొంతు రెండింట్లోనూ ఒకే లెవెల్‌కి వచ్చేలా గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) సెట్ చేసి వినండి, గది శబ్దం దాదాపు అంతే ఉంటుంది. కండెన్సర్‌లో పై శ్రుతిలో, 10 కిలోహెర్ట్జ్ దాటిన గాలి చప్పుడు కొంచెం ఎక్కువ తెలుస్తుంది అంతే. మరి అందరికీ ఎందుకు అంత తేడా వినిపిస్తోందీ అంటే, డైనమిక్‌ని పెదాలకి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని పాడతారు, కండెన్సర్‌కి అడుగు దూరం నిలబడతారు. ఖాళీ ప్రదేశంలో దూరం రెండింతలైతే నేరుగా వచ్చే శబ్దం 6 డీబీ (డెసిబెల్) పడిపోతుంది, గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం మాత్రం అంత పడదు, గదిలో ఎక్కడ నిలబడ్డా ఇంచుమించు అలాగే ఉంటుంది. కాబట్టి 5 సెంటీమీటర్ల నుంచి 20కి వెళ్తే గొంతుకీ గదికీ మధ్య ఉన్న తేడా ఓ 12 డీబీ దాకా కరిగిపోతుంది, అది మైక్ రకం వల్ల వచ్చింది కాదు, మీరు వెనక్కి జరగడం వల్ల వచ్చింది.

అయితే డైనమిక్ వాడేవాళ్లు చెప్పేది మొత్తం తప్పు కూడా కాదు. షూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్‌కి గుండ్రటి జాలీ, లోపల ఫోమ్ ఉంటాయి, స్టేజ్ మీద నోటికి ఆనించి పాడటానికే అది తయారైంది, అంత దగ్గర నుంచి వచ్చే గాలినీ, దగ్గరకెళ్తే పెరిగే బేస్‌నీ లెక్కలో పెట్టుకునే దాని టోన్ తీర్చారు. పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పొర) ఉన్న కండెన్సర్‌ని అంత దగ్గరగా వాడితే ప్రతి పకారానికీ ఢబ్ అంటుంది. అంటే డైనమిక్ మిమ్మల్ని దగ్గరగా పాడనిస్తుంది, దగ్గరగా పాడటం గదిని తగ్గిస్తుంది. ఇంతే కథ.

ఇక లోపల ఏం జరుగుతోందో కొంచెం. డైనమిక్‌లో డయాఫ్రమ్‌కి చిన్న తీగచుట్ట అంటించి ఉంటుంది, అది అయస్కాంతం మధ్య కదిలి కరెంట్ పుట్టిస్తుంది. తీగచుట్ట బరువు వల్ల మరీ సన్నటి వేగమైన శబ్దాలకి అది కాస్త మందంగా స్పందిస్తుంది, పుట్టే కరెంట్ కూడా తక్కువ. కండెన్సర్‌లో కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పలుచటి పొర ఒక లోహపు పలకకి ఎదురుగా ఉంటుంది, రెంటి మధ్య చార్జ్ ఉంటుంది, పొర కదిలితే వోల్టేజ్ మారుతుంది, లోపలే చిన్న సర్క్యూట్ దాన్ని బయటికి పంపిస్తుంది, ఆ సర్క్యూట్‌కి కరెంట్ ఇవ్వడానికే మీ ఇంటర్‌ఫేస్ మీద ఉన్న 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్.

లెక్కల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకే శబ్దానికి ఎస్‌ఎం7బి ఇచ్చేది సుమారు 1.1 మిల్లీవోల్టులు, ఎస్‌ఎం58 ఇచ్చేది 1.85, ఏటీ2020 ఇచ్చేది 14, ఎన్‌టీ1 ఇచ్చేది 35 దాకా. ఎస్‌ఎం7బికీ ఎన్‌టీ1కీ మధ్య దాదాపు 30 డీబీ తేడా! ఎస్‌ఎం7బికి కనీసం 60 డీబీ గెయిన్ ఉండాలని షూర్ వాళ్లే చెప్తారు. మీ ఇంటర్‌ఫేస్ మాన్యువల్ తీసి మైక్ ఇన్‌పుట్‌కి గరిష్ఠ గెయిన్ ఎంత ఇచ్చాడో చూడండి, 50 దగ్గర ఆగిపోయిందంటే మెల్లగా పాడే గొంతుకి ఎస్‌ఎం7బి పెట్టి నాబ్ చివరిదాకా తిప్పినా చాలదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచితే హిస్ (వెనక వినిపించే బుస్ మనే చప్పుడు) కూడా పెరుగుతుంది. దానికి మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే చిన్న బూస్టర్లు ఉంటాయి, క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటివి, 25 డీబీ అటూ ఇటూ ఇస్తాయి, 2023లో ఆ బూస్టర్‌ని మైక్‌లోనే పెట్టి ఎస్‌ఎం7డీబీ అని కూడా తెచ్చారు. అంటే మీరు ఎస్‌ఎం7బి కొంటే ఇంకోటి కూడా కొనాల్సి రావొచ్చు, ఆ లెక్క ముందే వేసుకోండి. వీడియోల్లో అందరి ముందూ అది కనిపిస్తోందని కొనకండి, వాళ్లు ఎక్కువగా మాట్లాడటానికి వాడుతున్నారు, పెదాలకి నాలుగు వేళ్ల దూరంలో.

అలాగని ఎస్‌ఎం7 (ఎస్‌ఎం7బికి ముందు మోడల్) పాటకి పనికిరాదని కాదు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్‌లో ఆయన గొంతు చాలావరకు ఎస్‌ఎం7 మీదే రికార్డ్ చేశాడు ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్, ఆయన దగ్గర ఖరీదైన కండెన్సర్లకి కొదవ లేదు, అయినా అదే పెట్టాడు. గట్టిగా, ఒత్తి, కొట్టినట్టు పాడే గొంతుకి డైనమిక్ ఆ పదును కొంచెం తగ్గించి చిక్కగా ఇస్తుంది. మెల్లగా, గాలి కలిపి పాడేవాళ్లకి అదే మైక్ దుప్పటి కప్పినట్టు వినిపించొచ్చు.

కార్డియాయిడ్, అంటే ముందు ఎక్కువగా, వెనక తక్కువగా వినే ప్యాటర్న్, దాని గురించి ఇప్పుడు, ఇక్కడ కాస్త ఆగి చదవండి. మీ లిస్టులో మూడూ కార్డియాయిడ్లే. చాలామంది దీన్ని టార్చిలైట్‌లా అనుకుంటారు, ముందు పడ్డదే వింటుంది మిగతాది చీకటి అని. కాదు. కార్డియాయిడ్ సరిగ్గా పక్కన, అంటే 90 డిగ్రీల దగ్గర, 6 డీబీ మాత్రమే తగ్గిస్తుంది. పూర్తిగా చెవుడు ఉండేది వీపు వెనక సరిగ్గా 180 డిగ్రీల దగ్గరే. దానికంటే ఇంకా సన్నగా వినే సూపర్‌కార్డియాయిడ్ అయితే ఆ చెవుడు 126 డిగ్రీల దగ్గర, హైపర్‌కార్డియాయిడ్ అయితే 110 దగ్గర ఉంటుంది, వాటికి వెనక వైపు కొంచెం వినపడుతుంది. ఫిగర్ ఎయిట్ అయితే ముందూ వెనకా సమానంగా విని పక్కల పూర్తిగా చెవుడు. ఈ నాలుగు సంగతులు గుర్తుంటే మైక్ ఎటు తిప్పాలో సగం పని అయిపోయినట్టే.

ఉదాహరణకి మీ కంప్యూటర్. మైక్ టేబుల్ ముందు నిలబెట్టి మీరు స్క్రీన్ చూస్తూ పాడుతున్నారంటే కంప్యూటర్ మైక్ వీపు వెనకే ఉంది, బానే ఉంది. అదే మీరు టేబుల్‌కి వీపు పెట్టి మైక్ మిమ్మల్ని చూసేలా పెడితే మీ వెనక ఉన్న కంప్యూటర్‌ని అది నేరుగా వింటుంది. ఫ్యాన్ పైన ఉంది కాబట్టి నిటారుగా నిలబెట్టిన మైక్‌కి అది పక్క నుంచి వస్తున్నట్టు, 6 డీబీయే తగ్గుతుంది. మైక్‌ని మీ కంటే ఎత్తులో బూమ్ స్టాండ్‌కి (అడ్డంగా చెయ్యి ఉన్న స్టాండ్) వేలాడదీసి నోటి వైపు కిందికి వంచి చూడండి, వీపు పైకప్పు వైపు తిరుగుతుంది, ఫ్యాన్ మోత బాగా తగ్గుతుంది, పైగా నోటి గాలి కింది నుంచి పోతుంది కాబట్టి పకారాలు కూడా కొట్టవు. అసలు ఫ్యాన్ ఆపేసి పాడండి అని చెప్తే సరిపోయేది, కానీ ఎంతమంది ఆపుతారో నాకు తెలుసు.

గదిలో దుప్పట్లు, ఫోమ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా దీంతోనే తేలుతుంది. చాలామంది మైక్ వెనక అర్ధచంద్రాకారపు ఫోమ్ షీల్డ్ పెడతారు, దాంతో ఒరిగేది తక్కువ, కార్డియాయిడ్ అసలే ఆ వైపు తక్కువ వింటుంది కదా. మైక్ చూస్తున్నది మిమ్మల్ని, మీ భుజాల మీదుగా మీ వెనక గోడని. మీ గొంతు గది చుట్టూ తిరిగి ఆ గోడని తగిలి నేరుగా మైక్ మూతిలోకి వస్తుంది. కాబట్టి మందపాటి బొంతలు, పరుపు, బట్టలతో నిండిన అలమర, ఏదున్నా మీ వెనక, మీకు రెండు పక్కల ఉండాలి. పలుచటి ఫోమ్ షీట్లు గోడలంతా అంటించకండి, అవి పై శ్రుతి సన్నటి శబ్దాలనే తాగుతాయి, కింది శ్రుతి బేస్ అలాగే గుమ్ముగా ఉండిపోతుంది, గది ఇంకా మందంగా తయారవుతుంది. సరిగ్గా గది మధ్యలోనూ మూలలోనూ నిలబడకండి, కొంచెం ఇటో అటో జరగండి.

లిరిక్స్ స్టాండ్ కూడా ఇక్కడే చెప్పేస్తా. మైక్ పక్కన చదునుగా ఉన్న మెటల్ స్టాండ్ గానీ, కింద గట్టి టేబుల్ గానీ ఉంటే గొంతు దానికి తగిలి కాస్త ఆలస్యంగా మైక్‌కి చేరుతుంది. ఆ దారి 34 సెంటీమీటర్లు ఎక్కువైతే ఆలస్యం ఒక మిల్లీసెకండ్, అప్పుడు 500, 1500, 2500 హెర్ట్జ్ ఇలా వరసగా శబ్దం కోసుకుపోతుంది, డబ్బాలోంచి పాడినట్టు ఉంటుంది. దాన్ని ఏ ఈక్యూతోనూ (శ్రుతుల్ని పెంచే తగ్గించే సాధనం) బాగుచెయ్యలేరు. స్టాండ్ మీద ఒక టవల్ వేసి కొంచెం వంపుగా పెట్టండి.

ఇప్పుడు గొంతుకి ఏది నప్పుతుంది అన్నది. డబ్బా మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని చదవడం మానెయ్యండి, ఎన్ని డీబీ తేడాతో అని చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఏ శ్రుతిని ఎంత పెంచి, ఎంత తగ్గించి ఇస్తుందో చూపించే గ్రాఫ్ చూడండి. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య మన స, శ, ష లు ఉంటాయి. మీ గొంతులో అవి ఇప్పటికే కొడుతుంటే అక్కడ ఎత్తుగా ఉన్న మైక్ తీసుకుంటే రోజూ డీఎస్సర్‌తో (స ల పదును తగ్గించే సాఫ్ట్‌వేర్) కుస్తీ పట్టాలి. గొంతు బొంగురుగా, మూసుకున్నట్టు ఉంటే అదే ఎత్తు మీకు వరం.

తక్కువ ధర కండెన్సర్లు చాలా వాటిలో ఈ కీచుదనం ఎందుకుంటుందో తెలుసా? మైకుల్లో పేరున్న కంపెనీ నాయ్‌మన్ వాళ్లు 1960లో యూ67 మైక్ తెచ్చారు, 1967లో యూ87. వాటి క్యాప్సూల్ (పొర, పలక ఉండే భాగం) పై శ్రుతి శబ్దాలని సహజంగానే ఎక్కువగా ఇస్తుంది, దాన్ని వాళ్ల సర్క్యూట్ కావాలని కిందికి దించుతుంది, రెండూ కలిస్తే సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత వచ్చిన బోలెడు చవక మైకులు ఆ క్యాప్సూల్ డిజైన్‌ని కాపీ కొట్టి, దించే సర్క్యూట్ లేకుండా మామూలు సర్క్యూట్ పెట్టేశాయి. దాంతో ఎత్తు అలాగే మిగిలిపోయింది. షాపులో ఒక నిమిషం వింటే 'అబ్బ ఎంత క్లియర్' అనిపిస్తుంది, నాలుగు ట్రాకులు పేర్చాక చెవులు చిల్లులు పడతాయి. అందుకే మైకుల్ని విడిగా పోల్చకండి, బ్యాకింగ్ ట్రాక్‌తో కలిపి, లెవెల్స్ సమానం చేసి వినండి, కొంచెం గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది మనకి.

సెల్ఫ్ నాయిస్, అంటే మైక్ తనంతట తానే చేసే హిస్, దాని గురించి కూడా చాలా గొడవ పడతారు. ఎన్‌టీ1 ది 4.5 డీబీ, ఏటీ2020 ది 20, దాని పై మోడల్ ఏటీ2035 ది 12. అంకెల్లో చాలా తేడా, కానీ మామూలు ఇంటి గదిలో నిశ్శబ్దం అనుకున్నదే 30 డీబీ అటూ ఇటూ ఉంటుంది, నోటికి జానెడు దూరంలో పాడే పాటకి ఆ తేడా మీకు వినపడదు. మీటర్ దూరం నుంచి మెల్లగా మోగే తీగ వాయిద్యం తీస్తే అప్పుడు వినపడుతుంది. పాట మాత్రమే అయితే దీని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

పాడేటప్పుడు దూరం 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు జానెడు. మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే తెర), అది మైక్‌కి అంటుకుని కాకుండా కొన్ని అంగుళాల ముందు ఉండాలి. మైక్ నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తులో పెట్టి కొంచెం కిందికి వంచితే ప, ఫ, భ లప్పుడు గాలి దెబ్బ తప్పుకుంటుంది, స లు కూడా కొంచెం మెత్తబడతాయి. గమకాలు పాడుతూ తల ఊపేవాళ్లైతే ఇంకో పాతిక శాతం వెనక్కి జరగండి, మరీ దగ్గరగా ఉంటే రెండంగుళాలు కదిలినా బేస్ మారిపోతుంది, ఒక లైన్ బొద్దుగా ఒక లైన్ పీలగా వస్తుంది. ఇది దిశ ఉన్న మైకులు దాదాపు అన్నింటికీ ఉన్న గుణం, ఆమ్నీకి మాత్రం ఉండదు. ఆమ్నీ అంటే అన్ని వైపులా వినేది, ఇంటి గదికి పనికిరాదని దాన్ని తోసేస్తారు గానీ, కార్డియాయిడ్‌ని 17 సెంటీమీటర్లలో పెడితే గది ఎంత వస్తుందో ఆమ్నీని 10 సెంటీమీటర్లలో పెట్టినా అంతే వస్తుంది, పైగా బేస్ ఉబ్బదు, గాలి దెబ్బలు తక్కువ. వాడేవాళ్లు తక్కువ, వాడినవాళ్లు వదలరు.

ఇక గిటార్. అకౌస్టిక్ గిటార్‌కి అందరూ చేసే పని రంధ్రానికి ఎదురుగా మైక్ పెట్టడం. లోపల గాలి 100 హెర్ట్జ్ దగ్గర్లో మోగుతుంటుంది, ఆ రంధ్రం ముందు పెడితే ఆ గుమ్ము తప్ప ఇంకేం రాదు. మెడ మీద 12వ ఫ్రెట్ ఎక్కడుందో చూసి, దానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, కొంచెం బాడీ వైపు తిప్పండి. బేస్ చాలకపోతే రంధ్రం వైపు ఒక్క డిగ్రీ తిప్పండి, ఎక్కువైతే ఇటు తిప్పండి, నాబులు ముట్టుకోవద్దు. దీనికి చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ చాలా బాగుంటుంది, పెన్సిల్ మైక్ అంటారు, నాయ్‌మన్ కేఎం184 లాంటివి. పెద్ద డయాఫ్రమ్ దాదాపు అంగుళం వెడల్పు, పక్క నుంచి వచ్చే పై శబ్దాలు దాని మీద సమానంగా పడవు, అందుకే పక్క శబ్దం రంగు మారిపోతుంది. చిన్నదానికి ఆ బాధ తక్కువ, మీటిన వేగం కూడా చక్కగా పట్టుకుంటుంది. బదులుగా దాని సెల్ఫ్ నాయిస్ కొంచెం ఎక్కువ.

పాడుతూ వాయించడమే మీ అసలు కష్టం, ఆ సంగతి మీ ప్రశ్నలో ఒక్క మాటగా పడేసి వదిలేశారు. నోరూ గిటారూ మధ్య దూరం రెండడుగులు కూడా ఉండదు. రెండు కార్డియాయిడ్లు పెడితే రెండింట్లోనూ రెండూ వస్తాయి, కలిపినప్పుడు ఒకే గొంతు రెండు వేరు వేరు సమయాల్లో చేరి బోలుగా అయిపోతుంది. రెండు మైకుల మధ్య దూరం, ఒక్కో మైక్‌కీ దాని వాయిద్యానికీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలని ఒక నియమం ఉంది, కూర్చుని పాడే మనిషి దగ్గర అది కుదరడం కష్టం. ఇక్కడే ఫిగర్ ఎయిట్ పనిచేస్తుంది. దాని పక్కల చెవుడు చాలా లోతుగా, చుట్టూ ఒక ఉంగరంలా ఉంటుంది. గొంతు మైక్‌ని ఫిగర్ ఎయిట్‌లో పెట్టి దాని చెవుడు వైపు గిటార్‌కి గురిపెట్టేలా పైకి వంచండి, గిటార్ మైక్‌ని కూడా అలాగే చేసి దాని చెవుడు వైపు మీ నోటికి గురిపెట్టేలా కిందికి వంచండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ ముట్టుకోకుండా పాడుతూ, గిటార్ మైక్ ఛానల్‌లో మీ గొంతు ఎక్కడ తక్కువ అవుతుందో అక్కడిదాకా మెల్లగా తిప్పుతూ పోండి. ఒకసారి దొరికాక మీరే ఆశ్చర్యపోతారు. వీపు వైపు కూడా వింటుంది కాబట్టి అటు బొంత కట్టడం తప్పనిసరి. దీనికి ప్యాటర్న్ మార్చుకునే మైక్ ఉండాలి, ఏకేజీ సీ414లో ఇప్పటి మోడల్స్‌కి తొమ్మిది ప్యాటర్న్‌లు ఉంటాయి, అంత వద్దనుకుంటే ఆడియో టెక్నికా ఏటీ2050, రోడ్ ఎన్‌టీ2ఏ లాంటి వాటిలో ఆమ్నీ, కార్డియాయిడ్, ఫిగర్ ఎయిట్ మూడూ ఉంటాయి.

అంత హంగామా వద్దు అంటే గిటార్ ముందు రికార్డ్ చేసి తర్వాత పాట విడిగా పాడండి, లేదా ఒకే మంచి మైక్ అరమీటర్ దూరంలో గడ్డం, గిటార్ మధ్య ఎత్తులో పెట్టి, మైక్ ఎత్తు మార్చుతూ రెండింటి బ్యాలెన్స్ చూసుకోండి. రెండో పద్ధతి మీ గది బాగుంటేనే. నా ఓటు మాత్రం విడివిడిగా పాడటానికి కాదు, కలిసి పాడి వాయించినప్పుడు ఉండే లయ విడిగా చేస్తే చాలామందిలో చచ్చిపోతుంది.

ఫ్లూట్‌కి వస్తే శబ్దం ఊదే రంధ్రం దగ్గర్నుంచే కాకుండా తెరిచిన వేలి రంధ్రాల నుంచి కూడా వస్తుంది. మూతి ముందు మైక్ పెడితే గాలి బుస్ బుస్ తప్ప ఏమీ మిగలదు. ఊదే దారికి పైన, 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో, ఫ్లూట్ మధ్య భాగం వైపు చూసేలా పెట్టండి. వయొలిన్ ఎప్పుడైనా వస్తే ఇంకా పైకి, ఇంకా దూరం వెళ్లండి, కీచుగా ఉండే కండెన్సర్ పెట్టొద్దు, దానికి రిబ్బన్ మైక్ అద్భుతంగా ఉంటుంది. రిబ్బన్ అంటే పలుచటి అల్యూమినియం పట్టీ అయస్కాంతాల మధ్య వేలాడుతుంటుంది, చాలావరకు ఫిగర్ ఎయిటే, పై శబ్దాలు మెత్తగా దిగుతాయి. దాంట్లోకి గాలి ఊదకండి, పట్టీ సాగిపోతుంది. బ్యాటరీ గానీ సర్క్యూట్ గానీ లేని రకమైతే ఫాంటమ్ పవర్ ఆపేసే కనెక్ట్ చెయ్యండి, కేబుల్ సరిగ్గా ఉంటే ఏమీ కాదు గానీ లోపల వైరింగ్ తప్పున్న కేబుల్ దొరికిందంటే పట్టీ పోతుంది.

తబలాకి మీకున్న రెండు ఇన్‌పుట్లూ వాడెయ్యండి. కుడి తబలాకి కండెన్సర్, ఎడమదానికి కింది శ్రుతి గుమ్ము బాగా పట్టే డైనమిక్, రెండూ పైనుంచి ఓ జానెడు ఎత్తులో, చేతికి అడ్డం రాకుండా. వాయించేవాళ్ల వేళ్ల దెబ్బ దగ్గర నుంచి చాలా గట్టిగా ఉంటుంది కాబట్టి గెయిన్ తగ్గించి మొదలుపెట్టండి, వార్మప్‌లో వచ్చిన లెవెల్ చూసి సెట్ చెయ్యొద్దు, అసలు వాయింపు మొదలయ్యాక ఇంకా పెరుగుతుంది. మృదంగం, ఢోలక్ లాంటి రెండు వైపుల వాయిద్యాలైతే రెండు వైపులా మైకులు పెట్టాక ఒకదాని పోలారిటీ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) తిప్పి రెండు రకాలుగా వినండి, ఏ రకంలో బేస్ నిండుగా ఉంటే అది ఉంచెయ్యండి. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌కి ఎస్‌ఎం57 పెట్టండి, 1965 నుంచి ఆ పని అదే చేస్తోంది, స్పీకర్ మధ్య బొడిపె వైపు జరిపితే పదును, అంచు వైపు జరిపితే మెత్తదనం. కీబోర్డ్‌కి మైక్ అక్కర్లేదు, నేరుగా లైన్‌లో పెట్టండి.

ఇంటర్‌ఫేస్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కి పెట్టే యూఎస్‌బీ మైక్ సంగతి కూడా అడిగారు. మీకు ఇంటర్‌ఫేస్ ఉంది కాబట్టి వద్దు. రేపు రెండో మైక్ కలపాలంటే రెండు యూఎస్‌బీ మైకుల్ని ఒకే కంప్యూటర్‌లో కలిపి నడపడం పెద్ద తలనొప్పి. ఇంకొకటి, ఎస్‌ఎం58, 57 నకిలీలు ఎక్కడ చూసినా ఉన్నాయి, బయటికి అచ్చు అలాగే ఉంటాయి, కంపెనీ అధికారిక డీలర్ దగ్గరే తీసుకోండి, ధర చూసి నమ్మలేకపోతే నమ్మకపోవడమే మంచిది. మైక్‌లో పెట్టే డబ్బులో కొంత బరువైన బూమ్ స్టాండ్‌కి ఉంచండి, ఊగే స్టాండ్ మీద ఏ మైక్ పెట్టినా గురి నిలబడదు. హెడ్‌ఫోన్స్ వెనక మూసి ఉన్న రకం తీసుకోండి, తెరిచి ఉన్నవైతే ట్రాక్ శబ్దం మైక్‌లోకి పోతుంది.

సరే, మీ మూడింట్లో ఏదంటే. పాట ఒక్కటే అయ్యి, గట్టిగా పాడేవారై, గదికి ఏమీ చెయ్యలేనంటే ఎస్‌ఎం7బి, గెయిన్ సరిపోతుందో చూసుకుని. లేదంటే ఎస్‌ఎం57కి చిన్న ఫోమ్ టోపీ పెట్టి అదే పని చేయించుకోవచ్చు, పాటకీ తబలాకీ యాంప్‌కీ పనికొస్తుంది. మీరు చెప్పిన పాట, గిటార్, ఫ్లూట్ మొత్తానికీ ఒకే మైక్ అయితే ఈ మూడింట్లో ఎన్‌టీ1, దాని టోన్ మిగతా చవక కండెన్సర్లంత కీచుగా ఉండదు, ఏటీ2020 చెడ్డది కాదు గానీ దూరం నుంచి ఫ్లూట్ తీసేటప్పుడు దాని హిస్ తెలుస్తుంది. కానీ మీరు పాడుతూనే వాయిస్తారు కాబట్టి నేనైతే లిస్టులో లేని నాలుగోది, ఫిగర్ ఎయిట్ ఉన్న మూడు ప్యాటర్న్‌ల కండెన్సర్ ముందు తీసుకుని, కొన్నాళ్ల తర్వాత రెండో ఇన్‌పుట్‌కి ఒక ఎస్‌ఎం57 కలుపుతాను. కొనేముందు ఎవరి దగ్గరైనా ఒక రోజుకి అడిగి తెచ్చుకుని మీ గదిలో, మీ గిటార్‌తో, ఫ్యాన్ ఆపి ఒకసారి వేసి ఒకసారి రికార్డ్ చేసి చూడండి. మీ ఇంటర్‌ఫేస్ మోడల్, మీరు మెల్లగా పాడతారా గట్టిగానా అన్నది చెప్తే గెయిన్ లెక్క కూడా చూసి చెప్తాను.